అదను, పదును

మన పెద్దలు మనకు రెండు సామెతలు ఇచ్చి పోయారు. ఒకటి "నిదానమే ప్రధానం", రెండోది "ఆలస్యం అమృతం విషం". చిన్నప్పుడు సైకిలు జోరుగా తొక్కితే మా అమ్మ మొదటిది చెప్పేది. పరీక్షల ముందు పుస్తకం తీయకపోతే రెండోది చెప్పేది. ఏది ఎప్పుడు పనికి వస్తుందో మాత్రం ఎవరూ చెప్పలేదు. దాదాపు ముప్పై ఏళ్లు బ్యాంకు బల్లకు ఇవతల కూర్చుని, అవతల కూర్చున్న వ్యాపారస్తులను చూసిన తరువాత నాకు తెలిసిన నాలుగు మాటలు మన పత్రిక పాఠకులతో పంచుకోవాలనిపించింది. ఇందులో నేను చేసిన ఒక తప్పు కూడా ఉంది. అది దాచిపెట్టి మిగతాది చెప్పడం న్యాయం కాదు.

ముందు మా తాతగారి సంగతి చెబుతాను. ఆయనది కృష్ణగిరి దగ్గర ఒక పల్లె. ఇంట్లో తెలుగు, సంతలో తమిళం, పొలిమేర అవతలి చుట్టాలతో కన్నడం. ఉన్నది నాలుగెకరాల ఎర్రనేల, బావి లేదు. ఆషాఢమాసపు వానకు శెనక్కాయ వేసేవాడు. ఎర్రనేలలో పదును మూడు నాలుగు రోజులకంటే నిలవదు. ఆ లోపల విత్తనం పడితే పంట, లేకపోతే మళ్లీ వానకోసం ఆకాశం చూడడమే. వాన పడి నేల ఆరీ ఆరకముందే మా తాత మడకతో చేలో ఉండేవాడు. "ఆయనకు వాన సంగతి ముందే తెలుస్తుంది" అని ఊళ్లో అనుకునేవారు. ఆయనకు తెలిసిందేమీ లేదు. వారం పది రోజుల ముందే కమ్మరి దగ్గర కర్రు సాగదీయించి, ఇంటిల్లిపాదినీ వసారాలో కూర్చోబెట్టి విత్తనపు కాయలు వలిపించేవాడు, అంతే. మరీ ముందుగా వలిస్తే గింజ మొలకశక్తి తగ్గుతుంది. వాన వచ్చాక వలుద్దామంటే పదును ఆగదు. ఆ వలుపు పనిలో మా పిల్లల బొటనవేళ్లు వాచిపోయేవి. ఏడిస్తే ఆయన అనేవాడు: "వాన పడినంక కర్రు కాల్చుకొనేవానికి పంట రాదురా!"

పదును అనే మాటకు మన భాషలో రెండు అర్థాలున్నాయి. నేలలోని తడి ఒక పదును, ఇనుము అంచు ఇంకొక పదును. మొదటిది వాన ఇస్తుంది. రెండోది మనం పెట్టుకోవాలి. రెండోది లేనివాడికి మొదటిది వచ్చినా వృథాయే. బీకాంలో మూడేళ్లు చదివిన వాణిజ్యశాస్త్రంలో ఇంతకన్నా గట్టి మాట నాకు కనబడలేదు.

వ్యాపారంలో కాలానికి ఉన్న విలువ ఒక చిన్న లెక్కతో తెలుస్తుంది. ఒకడు లక్ష రూపాయల సరుకు కొని, మంచి ధర వచ్చేదాకా ఆగి, ఏడాదికి ఒకసారి నూటికి ఇరవై లాభంతో అమ్మాడు. వాడికి మిగిలింది ఇరవై వేలు. ఇంకొకడు అదే లక్షతో నూటికి అయిదు లాభానికే అమ్మి, వచ్చిన డబ్బుతో మళ్లీ కొని, ఏడాదికి పన్నెండు సార్లు తిప్పాడు. వాడికి అరవై వేలు మిగిలాయి. అద్దె, జీతాలు తీసివేసినా రెండోవాడిదే పైచేయి. సరుకు బీరువాలో కూర్చున్నంత కాలం దానిమీద వడ్డీ నడుస్తూనే ఉంటుంది. వడ్డీకి ఆదివారం లేదు, పండుగ సెలవు లేదు.

ఇక అదను ఎప్పుడూ మంచి ముఖంతోనే వస్తుందని లేదు. ఒక్కొక్కసారి కష్టం రూపంలో వస్తుంది. బెంగుళూరులో ఉన్న మనవాళ్లకు లాల్‌బాగ్ దగ్గరి ఎం.టి.ఆర్. హోటలు గురించి చెప్పనక్కరలేదు. ఉడుపి ప్రాంతం నుంచి వచ్చిన మయ్య సోదరులు 1924లో మొదలుపెట్టిన సంస్థ అది. రెండో ప్రపంచ యుద్ధకాలంలో బియ్యం దొరకడం కష్టమైంది. బియ్యం లేకపోతే ఇడ్లీ లేదు, ఇడ్లీ లేకపోతే హోటలు లేదు. వాళ్లు చేతులు ముడుచుకుని కూర్చోకుండా గోధుమరవ్వతో ప్రయత్నించారు. ఈనాడు ఊరూరా తింటున్న రవ్వ ఇడ్లీ అలా తమ వంటింట్లోనే పుట్టిందని ఆ సంస్థ చెప్పుకుంటుంది. 1975లో ఎమర్జెన్సీ వచ్చినప్పుడు హోటళ్లలో పలహారాల ధరలు బలవంతంగా తగ్గించారు. ఆ ధరకు తమ నాణ్యం ఇవ్వలేమని వాళ్లు హోటలు మూసి, మసాలా పొడులు, పలహారాల పిండ్లు పొట్లాలు కట్టి అమ్మడం మీద దృష్టి పెట్టారు. ఆ పొట్లాల వ్యాపారం ఎంత పెరిగిందంటే, 2007లో నార్వే దేశపు కంపెనీ ఒకటి దాన్ని కొనుక్కుంది. ఇక్కడ గమనించవలసింది ఒకటుంది. నిర్ణయం త్వరగా జరిగింది కాని, దాని వెనుక యాభై ఏళ్ల వంటింటి అనుభవం ఉంది. కర్రు ముందే సాగి ఉంది.

మన తెలుగువారిలో దేశోద్ధారక కాశీనాథుని నాగేశ్వరరావు పంతులుగారినే తీసుకోండి. బొంబాయిలో 1893లో ఆయన అమృతాంజనం మొదలుపెట్టారు. కొత్త మందు, ఎవరికీ పేరు తెలియదు. జనం తమంతట తామే వచ్చి కొంటారని ఆయన కొట్లో కూర్చోలేదు. సంగీత సభలకు వచ్చినవారికి చిన్న చిన్న సీసాలు ఉచితంగా పంచిపెట్టేవారని చెబుతారు. వందమంది చేతికి మందు ఇచ్చి చూస్తే, అది నిలుస్తుందో లేదో వారం రోజుల్లో తెలిసిపోతుంది. తప్పయితే నష్టం చిన్నది, ఒప్పయితే దారి దొరికినట్టే. పెద్ద నిర్ణయానికి భయం వేసినప్పుడు చిన్న నిర్ణయం వెంటనే తీసుకోవడం ఎలాగో ఆయన ఆ రోజుల్లోనే చూపించారు. ఆ వ్యాపారం నిలబడబట్టే 1908లో బొంబాయిలో ఆంధ్రపత్రిక వారపత్రికగా పుట్టింది, 1914లో మద్రాసులో దినపత్రిక అయింది.

ఇప్పుడు నా తప్పు దగ్గరికి వస్తాను.

2005లో సేలం జిల్లాలోని ఒక చిన్న ఊరికి నన్ను శాఖ మేనేజరుగా వేశారు. ఆ కుర్చీలో కూర్చోవడం నాకు అదే మొదటిసారి. బజారు వీధిలో చిన్న చీరల కొట్టు నడిపే ఆయన ఒకరు ఆగస్టు మొదటి వారంలో నా దగ్గరికి వచ్చారు. మన తెలుగువారే. దీపావళి సరుకుకు రెండు లక్షల అప్పు కావాలన్నారు. ఇళంపిళ్ళైలో మగ్గాల యజమాని ఒకడు నెలాఖరులోగా రొక్కం చెల్లించేవారికి నూటికి పన్నెండు రూపాయలు తగ్గించి ఇస్తానన్నాడట. లెక్క చాలా సులువు. రెండు లక్షల సరుకు మీద ఇరవై నాలుగు వేలు కలిసివస్తుంది. ఆనాటి మా వడ్డీ నూటికి పదమూడు ప్రకారం మూడు నెలలకు ఆరున్నర వేలు ఖర్చు. బీకాం మొదటి సంవత్సరం కుర్రవాడు కూడా ఇచ్చేయమని చెబుతాడు.

నేను ఇవ్వలేదు. అలాగని కాదనీ అనలేదు. మూడేళ్ల ఆదాయపన్ను కాగితాలు తెమ్మన్నాను. తెచ్చారు. హామీదారుడి పట్టా తెమ్మన్నాను. అదీ తెచ్చారు. తరువాత, నా అధికారంలోనే ఉన్న మొత్తానికి పై ఆఫీసు అభిప్రాయం కోరుతూ ఉత్తరం రాశాను. నిజం చెప్పాలంటే నాకు భయం. రేపు అప్పు మొండిబకాయి అయితే, సంతకం ఎవరిదని అడుగుతారు కదా! ఇంకొకరి సంతకం కూడా దాని పక్కన ఉంటే నిద్రపడుతుందని నా ఆశ. ఆయన వారానికి రెండుసార్లు వచ్చి, నా గది బయట బెంచీమీద కూర్చుని, నేను తల ఎత్తితే నమస్కారం పెట్టి వెళ్లేవారు. సెప్టెంబరు చివర పై ఆఫీసునుంచి జవాబు వచ్చింది: "ఇది మీ అధికార పరిధిలోని విషయం, మీరే నిర్ణయించుకోండి."

అక్టోబరు రెండో వారంలో డబ్బు ఆయన చేతికి ఇచ్చాను. ఆ ఏడు దీపావళి నవంబరు 1న. ఇళంపిళ్ళై సరుకు అప్పటికే ఎదురు కొట్టులో వేలాడుతోంది. ఆయన చేతికి వచ్చిన డబ్బును తిప్పి పంపలేక, సేలంలో మిగిలిపోయిన రకాలు ఎక్కువ ధరకు కొన్నారు. పండుగకు పది రోజుల ముందు కొట్టుకు చేరాయి. సగం అమ్ముడుపోలేదు. చీర నిరుటిదైతే ఎవరు కొంటారు? ఆయన కొట్టులో సగభాగం వేరొకరికి వదిలేశారు. బీకాం చదువుతున్న కొడుకు చదువు మానేసి తిరుప్పూరు బనియన్ల కంపెనీలో చేరాడు. అప్పు మాత్రం వడ్డీతో సహా పైసా బాకీ లేకుండా తీర్చారు. ఆ ఏటి ఆడిట్‌లో ఆ ఫైలులో ఒక్క తప్పు కూడా దొరకలేదు. కాగితాలన్నీ సక్రమంగా ఉన్నాయని మెచ్చుకున్నారు కూడా.

2008లో నాకు బదిలీ అయినప్పుడు ఆయన వచ్చి, అక్కడి ఆనవాయితీ ప్రకారం నా చేతిలో నిమ్మపండు పెట్టారు. కాసేపు ఊరికే నిలబడి, అప్పుడన్నారు: "సార్, తప్పుగా అనుకోవద్దండి. ఆ పొద్దే లేదని చెప్పింటే నేను ఇంకో దోవ చూసుకొనుందును. మా బావమరిది నగలు కుదవ పెట్టుకొనుందును. మీరు లేదనలేదు, ఔననలేదు. నేను మీ ముఖం చూస్తా కూర్చొంటిని."

ఆయన మాటలో కోపం లేదు. ఉండి ఉంటే నేను ఎప్పుడో మరిచిపోయేవాణ్ని.

తరువాత చాలాకాలం ఆలోచించాను. నేను నిదానంగా ఉన్నానా? లేదు. నిదానం అంటే నిజం తెలుసుకోవడానికి తీసుకునే సమయం. నేను ఆ రెండు నెలల్లో ఒక్క పూట కూడా ఆయన కొట్టుకు వెళ్లి సరుకు చూడలేదు. నా అధికారం ఎంతవరకో చెప్పే చిన్న పుస్తకం నా సొరుగులోనే ఉన్నా శ్రద్ధగా చదవలేదు. నాకు పదును లేదు, అందుకే అదను పోయింది. నాది పోలేదు, ఆయనది పోయింది. నిర్ణయం చేయవలసినవాడు జాప్యం చేస్తే, దాని ఖరీదు ఎదురుచూసేవాడు కడతాడు. పదిహేను రోజుల్లో చెప్పిన "కాదు" అనే మాట, రెండు నెలల తరువాత చెప్పిన "అవును" కంటే మేలు. కాదనడం కూడా ఒక నిర్ణయమే.

అయితే త్వరపడడమే గొప్ప అని నేను అనడం లేదు. దానికీ ఒక అనుభవం ఉంది. 2010 తరువాత కొంగునాడులో ఈమూ పక్షుల పెంపకం జోరుగా సాగింది. పిల్లల్ని, మేతను కంపెనీయే ఇస్తుంది, నెలనెలా డబ్బు ఇస్తుంది, పెరిగిన పక్షుల్ని తానే తీసుకుంటుంది అని ప్రచారం. మా ఖాతాదారు ఒకాయన, రిటైరైన ఉపాధ్యాయుడు, డిపాజిట్టు రద్దు చేయమని వచ్చారు. "ఈ వారం కడితేనే ఈ రేటు అంటున్నారండీ" అన్నారు. "మాష్టారూ, ఆ మాంసం ఎవరు తింటారు? మన ఊళ్లో కొన్నవారిని చూశారా?" అని అడిగాను. చూడలేదన్నారు. ఉద్యోగధర్మంగా ఆయన డబ్బు ఆయనకు ఇచ్చాను. 2012లో ఆ పథకాలు వరుసగా కూలిపోయాయి. కంపెనీ తప్ప వేరే కొనేవాడు లేని సరుకు, కంపెనీ పోగానే మేత దండుగ పక్షులుగా మిగిలింది.

చీరల కొట్టు ఆయన కూడా తొందరపడ్డారు, మాష్టారు కూడా తొందరపడ్డారు. తేడా ఎక్కడ? గడువు పెట్టింది ఎవరు అన్నదే తేడా. చీరల కొట్టుకు గడువు పెట్టింది దీపావళి. పండుగ ఎవరికోసమూ ఆగదు, ఎవరినీ మోసం చేయదు. మాష్టారికి గడువు పెట్టింది అమ్మేవాడు. ఋతువు పెట్టిన గడువుకు పరుగెత్తాలి. అమ్మేవాడు పెట్టిన గడువుకు ఆగిపోవాలి. మా అమ్మ చెప్పిన రెండు సామెతలకు నాకు దొరికిన సరిహద్దు ఇదే.

ఈ సరిహద్దు తెలిసిన తరువాత నేను కొంచెం మారాను. 2020లో హోసూరులో పనిచేస్తున్నాను. మార్చి 25 నుంచి దేశమంతా లాక్‌డౌన్. మా ఖాతాదారుల్లో బడిపిల్లల యూనిఫారాలు కుట్టించే ఒకావిడ ఉన్నారు. ఆరు మిషన్లు, ఏడుగురు పనివాళ్లు. బడులు మూతపడ్డాయి, కుట్టిన బట్టలకు గిరాకీ లేదు. ఏప్రిల్ మొదట్లో ఇంట్లో చేసిన గుడ్డమాస్కులు వాడుకోవచ్చని కేంద్ర ప్రభుత్వం సలహా ఇచ్చింది. ఆ వారమే ఆవిడ మిగిలిన యూనిఫారం గుడ్డను మాస్కులకు కత్తిరించి, మిషన్లను పనివాళ్ల ఇళ్లకు పంపి కుట్టించడం మొదలుపెట్టారు. ముందుగా యాభై కుట్టి మందుల షాపులో ఇచ్చి చూశారు. సాయంత్రానికి అయిపోయాయి.

మే నెలలో ప్రభుత్వం చిన్న పరిశ్రమలకు గ్యారంటీతో అదనపు అప్పు పథకం ప్రకటించింది. 2020 ఫిబ్రవరి 29 నాటికి ఉన్న బాకీలో ఇరవై శాతం వరకు, అదనపు తాకట్టు అడగకుండా ఇవ్వాలి. ఆవిడ బాకీ మూడు లక్షలు, అంటే అరవై వేలు వస్తుంది. ఈసారి ఆవిడ వచ్చి అడిగేదాకా నేను ఆగలేదు. జాబితా ముందు పెట్టుకుని నేనే ఒక్కొక్కరికీ ఫోను చేశాను. ఆవిడ లెక్కల పుస్తకం ఏ రోజుకారోజు రాసి ఉంది, జీఎస్టీ కాగితాలు సిద్ధంగా ఉన్నాయి. మూడో రోజు డబ్బు ఖాతాలో పడింది. ఆ డబ్బుతో గుడ్డ, ఎలాస్టిక్ కొన్నారు.

నాకు ఎక్కువ నచ్చింది ఆవిడ మొదలుపెట్టిన తీరు కాదు, ఆపిన తీరు. కొన్ని నెలలకు వీధివీధినా మాస్కులు వచ్చి ధర పడిపోయింది. ఇంకా లాభం వస్తుందేమోనని ఆవిడ గుడ్డ కొని పెట్టుకోలేదు. ఒకరోజు లెక్క చూసుకుని, "ఇంక చాలు సార్, నైటీలు కుడతాము" అన్నారు. మొదలుపెట్టడంలో చురుకుదనం చాలామందికి ఉంటుంది. నష్టం కనబడగానే ఆపేసే చురుకుదనం కొందరికే ఉంటుంది. పనివాళ్లు ఏడుగురూ నిలిచారు.

మన పత్రిక చదివేవారిలో చిన్న వ్యాపారాలు నడిపేవారు చాలామంది ఉన్నారు. షోలాపూరులో మగ్గాలు, బరంపురంలో పట్టుచీరలు, బళ్లారిలో బట్టల కుట్టుపని, మద్రాసులో కిరాణా, ఇలా. వారికి బ్యాంకు మనిషిగా మూడు మాటలు చెప్పి ముగిస్తాను.

మొదటిది, కాగితాలు వానకు ముందే వలిచి పెట్టుకున్న గింజల్లా ఉండాలి. ఉద్యం నమోదు ఆధార్‌తో ఉచితంగానే జరుగుతుంది. పన్ను కాగితాలు, సరుకు జాబితా, రావలసిన బాకీల జాబితా నెలకోసారి సరిచూసుకోండి. పండుగ ముందు బ్యాంకుకు రావద్దు, పండుగకు నాలుగు నెలల ముందు రండి. రెండు వారాలు దాటినా జవాబు రాకపోతే "అవునా, కాదా" అని మర్యాదగా రాతపూర్వకంగా అడగండి. అడగడం మీ హక్కు.

రెండోది, రావలసిన డబ్బు దగ్గర మొహమాటం వద్దు. చిన్న పరిశ్రమల నుంచి సరుకు కొన్నవారు ఒప్పందం ఉన్నా సరే 45 రోజులు దాటకుండా చెల్లించాలని 2006 నాటి చట్టం చెబుతోంది. అయితే నమోదు ఉంటేనే ఆ రక్షణ గట్టిగా నిలుస్తుంది. 46వ రోజున ఫోను చేసేవాడికి డబ్బు వస్తుంది. ఆరు నెలల తరువాత చేసేవాడికి సమాధానం వస్తుంది.

మూడోది అన్నిటికంటే ముఖ్యం. వ్యాపారం దెబ్బతింటే బ్యాంకుకు ముఖం చాటేయకండి. కంతు కట్టవలసిన తేదీ దాటి 90 రోజులైతే ఆ ఖాతా మొండిబాకీల లెక్కలో పడుతుంది. 31వ రోజున, 61వ రోజున కూడా మా పుస్తకాల్లో గుర్తు మారుతుంది. మొదటి వారంలోనే వచ్చి నిజం చెబితే మా చేతిలో ఎన్నో దారులు ఉంటాయి. 89వ రోజున వస్తే ఒకటో రెండో. ఆ తరువాత వస్తే చేతులు కాలాక ఆకులు పట్టుకున్నట్టే.

ఇవన్నీ వ్యాపారస్తులకు చెప్పినవి. బల్లకు ఇవతల కూర్చునే నాబోటివారికి చెప్పవలసింది ఒకటే. 2008 నుంచి నా బల్లమీద ఒక నోటుపుస్తకం పెట్టుకున్నాను. అందులో రెండే గడులు. దరఖాస్తు వచ్చిన తేదీ ఒకటి, జవాబు చెప్పిన తేదీ ఇంకొకటి. రెండో గడి పదిహేను రోజులకు మించి ఖాళీగా ఉంటే ఆ రోజు భోజనానికి ముందు దాని సంగతి తేలుస్తాను. ఔననో, కాదనో. ఆ పుస్తకం నాకు ఇచ్చింది ఏ శిక్షణ కళాశాలా కాదు. నా గది బయట బెంచీమీద రెండు నెలలు కూర్చున్న ఆయన. ఆయన కొడుకు చదువు నేను తిరిగి ఇవ్వలేను. ఇంకొకరి కొడుకు చదువు నా బల్లమీద ఆగిపోకుండా చూడగలను.